షెల్లీ చివరి నౌకాయానం

పాఠ్య పరిచయం

భావకవిత్వం అనగానే తెలుగు పాఠకునికి మొదట గుర్తుకు వచ్చే పేరు దేవులపల్లి కృష్ణశాస్త్రి. సాహిత్యలోకం ఆయనను ‘ఆంధ్ర షెల్లీ’ అని ఆదరంతో పిలుచుకొన్నది. మన కవిని పోల్చి చెప్పడానికి ప్రమాణంగా నిలిచిన ఆ ఆంగ్లకవి పెర్సీ బిష్ షెల్లీ 1792 ఆగస్టు 4న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించాడు. నాస్తికవాదాన్ని సమర్థించిన ఒక కరపత్రం కారణంగా 1811లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి బహిష్కృతుడయ్యాడు. 1818లో ఇటలీకి వెళ్ళిన తరువాత మళ్ళీ స్వదేశం చూడలేదు. పడమటి గాలిని సంబోధించిన గీతం (1819), భరతపక్షిని గూర్చిన గీతం (1820), కీట్స్ మృతికి శోకించి రాసిన ‘అడొనెయిస్’ (1821) ఇటలీ నేలపై వెలువడిన రచనలే. 1822 జూలై 8న ఆయన ఒక మిత్రునితో కలిసి ఇటలీ పశ్చిమ తీరం వెంట ఇంటికి బయలుదేరాడు. ఆ ప్రయాణాన్ని గూర్చిన వ్యాసమే ఈ పాఠ్యభాగం.

పాఠ్యభాగం

షెల్లీ మరణాన్ని తలచుకొన్న వారిలో చాలామంది దానిని కవిత్వంగానే చెప్పారు. సముద్రం తన కవిని తానే పిలుచుకొన్నదని కొందరన్నారు. ‘అడొనెయిస్’ చివరి పద్యంలో కవి తన ఆత్మను తీరానికి దూరంగా కొట్టుకొనిపోయే నావతో పోల్చాడు గనుక, తన మరణాన్ని ఏడాది ముందే దర్శించాడని మరికొందరన్నారు. ఇటువంటి మాటలు వినడానికి ఇంపుగానే ఉంటాయి. కాని వాటిలో ఎక్కడా పడవ కనిపించదు. దాని పొడవెంత, దానికెన్ని తెరచాపలు, ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, ఏ వేళకు బయలుదేరింది అనే ప్రశ్నలు ఆ మాటల వెనుక మరుగున పడిపోతాయి. అదృష్టవశాత్తు ఆనాటి మిత్రులు ఉత్తరాలలోను, దినచర్యలలోను, స్మృతిగ్రంథాలలోను ఎన్నో వివరాలు నిలిపి ఉంచారు. వాటి ఆధారంతో ఆ ప్రశ్నలకు చాలావరకు సమాధానం చెప్పవచ్చు.

1822 వేసవి ఆరంభంలో షెల్లీ కుటుంబం స్పెజియా అఖాతంలోని లెరిచి పట్టణానికి చేరువగా, సాన్ తెరెంజో అనే పల్లెలో కాపురం పెట్టింది. వారు అద్దెకు తీసుకొన్న ‘కాసా మాన్యి’ అనే తెల్లని భవనం నీటి అంచునే ఉండేది. అలలు ముందరి కమానుల దాకా వచ్చేవి. కింది భాగం నివాసానికి పనికిరాదు గనుక అందరూ పై అంతస్తులోనే సర్దుకొన్నారు. ఆ ఇంట షెల్లీ, ఆయన భార్య మేరీ, వారి రెండేళ్ళ కుమారుడు, మిత్రుడు ఎడ్వర్డ్ విలియమ్స్, అతని సహచరి జేన్, వారి ఇద్దరు పిల్లలు ఉండేవారు. విలియమ్స్ బాల్యంలో కొంతకాలం నౌకాదళంలోను, తరువాత భారతదేశంలో సైన్యంలోను పనిచేసి వచ్చినవాడు. సముద్రం తనకు తెలుసునన్న నమ్మకం అతనికి మెండు. మేరీ మాత్రం ఆ ఇంటిని మొదటి నుండీ ఇష్టపడలేదు. పగలంతా అలల హోరు, చుట్టూ ఒంటరితనం, సరుకులు కావాలన్నా దూరం పోవలసి రావడం ఆమెకు భారంగా తోచాయి. పురుషులిద్దరికీ మాత్రం ఆ ఇల్లు స్వర్గమే. ఎందుకంటే వాకిట్లోనే సముద్రం, త్వరలో రానున్నది సొంత పడవ.

ఆ పడవ కథ పీసా నగరంలో ఆరంభమైంది. 1822 జనవరిలో ఎడ్వర్డ్ ట్రెలానీ అనే సాహసికుడు అక్కడి మిత్రబృందంలో చేరాడు. అతని ప్రోత్సాహంతో కవులకు నౌకల మీద మోజు కలిగింది. జెనోవా రేవులో డేనియల్ రాబర్ట్స్ అనే నావికాధికారి పర్యవేక్షణలో రెండు నౌకలు తయారయ్యాయి. పెద్దది లార్డ్ బైరన్‌కు, చిన్నది షెల్లీ, విలియమ్స్‌లకు. పెద్దదానికి ‘బొలివార్’ అని పేరు పెట్టారు. చిన్న పడవను మాత్రం విలియమ్స్ తాను ఇంగ్లండు నుండి తెచ్చుకొన్న నమూనా ప్రకారమే కట్టాలని పట్టుబట్టాడు. ఆ నమూనా మంచిది కాదని రాబర్ట్స్, జెనోవా పనివాడు వాదించినా అతడు వినలేదని ట్రెలానీ రాశాడు. ట్రెలానీ మాటలను అక్షరాలా నమ్మడానికి వీలులేదు. ఒకే సంఘటనను వేర్వేరు కాలాలలో వేర్వేరుగా చెప్పే అలవాటు ఆయనకున్నది. అయినా పడవ తీరును చూస్తే ఈ విషయంలో ఆయన మాట నమ్మదగినదే అనిపిస్తుంది.

ఆ పడవ పొడవు సుమారు 24 అడుగులు. రెండు తెరచాప కొయ్యలు. పైన మూత లేదు, అంటే లోపలికి వచ్చిన నీరు ఎత్తిపోస్తే తప్ప బయటికి పోయే దారి లేదు. పడవ తేలిక, తెరచాపలు విశాలం. నీటిలో నిలకడగా నిలవాలంటే అడుగున రెండు టన్నుల ఇనుము బరువుగా వేయవలసి వచ్చింది. గాలి తెరచాపను తాకినప్పుడు పడవను ముందుకు నెట్టడంతోపాటు పక్కకు వంచుతుంది. తెరచాప ఎంత ఎత్తున ఉంటే ఆ వంపు అంత ఎక్కువ. అడుగున ఉన్న బరువు ఆ వంపును సరిచేస్తుంది. ఈ తూకం కుదిరినంత సేపు పడవ పక్షిలా సాగుతుంది. కాని మూతలేని పడవకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక పక్క అంచు నీటి కిందికి దిగి లోపల నీరు నిండితే, నిలకడకోసం వేసుకొన్న ఆ ఇనుమే దానిని క్షణాలలో అడుగుకు లాగివేస్తుంది.

మే 12న పడవ కాసా మాన్యి చేరింది. దానిని చూసిన సంతోషంలో ఒక చిన్న చికాకు. షెల్లీ తన పడవకు ‘ఏరియల్’ అని పేరు పెట్టదలచాడు. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలో గాలిలో విహరించే భూతం పేరు అది. కాని తెరచాప మీద పెద్ద అక్షరాలతో ‘డాన్ జువాన్’ అని రాసి ఉన్నది. అది బైరన్ కావ్యం పేరు. బైరన్ పట్టుదలతో జరిగిన పని ఇది. మిత్రులు ఆ అక్షరాలను తుడిచారు, కడిగారు. ఏ ద్రావకానికీ అవి లొంగలేదు. చివరకు ఆ గుడ్డముక్కనే కత్తిరించి కొత్త ముక్క వేసి కుట్టించారు. ఇంత చేసినా పడవ చరిత్రలో ‘డాన్ జువాన్’గానే నిలిచిపోయింది. జెనోవా నుండి పడవను తెచ్చిన వారిలో చార్లెస్ వివియన్ అనే పద్దెనిమిదేళ్ళ ఆంగ్ల యువకుణ్ణి పనికోసం ఉంచుకొన్నారు. కథ చెప్పేవారు ఇతనిని తరచుగా మరచిపోతారు.

ఆ తరువాతి వారాలు షెల్లీ జీవితంలో అత్యంత ఆనందకరమైనవని చెప్పవచ్చు. సాయంకాలం గాలి లేవగానే మిత్రులందరూ పడవ ఎక్కేవారు. జేన్ గిటారు వాయిస్తూ పాడేది. ఆ గిటారు షెల్లీ కానుకగా ఇచ్చినదే. ఈనాటికీ అది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. వెన్నెలలో అఖాతం వెంట సాగుతూ ఉంటే భూమి మరొక లోకంగా మారినట్లుంటుందన్న భావాన్ని షెల్లీ ఒక మిత్రునికి రాసిన లేఖలో వ్యక్తం చేశాడు. ‘ది ట్రయంఫ్ ఆఫ్ లైఫ్’ అనే దీర్ఘకావ్యాన్ని ఆ రోజులలోనే మొదలుపెట్టాడు. అది అసంపూర్ణంగానే మిగిలింది.

పడవ నడపడంలో ఆయన నేర్పు మాత్రం అంతంతమాత్రమే. చుక్కాని పట్టుకొని కూడా పుస్తకం చదువుకొనేవాడు. గ్రీకు గ్రంథాలను నీటిలో పారవేస్తే గాని ఇతనికి నావికవిద్య పట్టుబడదని ట్రెలానీ పరిహాసమాడాడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. జీవితమంతా నీటిని ప్రేమించిన ఈ కవికి ఈత రాదు. 1816లో బైరన్‌తో జెనీవా సరస్సుపై తుఫానులో చిక్కుకొన్నాడు. 1821లో లివోర్నో, పీసాల మధ్య కాలువలో పడవ తిరగబడగా ప్రాణాలతో బయటపడ్డాడు. అయినా ఈత నేర్చుకోలేదు.

జూన్ నెల ఆ ఇంటికి కష్టాలు తెచ్చింది. 16వ తేదీన మేరీకి గర్భస్రావమై తీవ్రంగా రక్తం పోయింది. వైద్యుడు వచ్చేలోగా షెల్లీ ఆమెను మంచుగడ్డలు వేసిన నీటిలో కూర్చోబెట్టి రక్తస్రావాన్ని ఆపి ప్రాణం నిలబెట్టాడు. పడవ విషయంలో ఆయన చూపిన అజాగ్రత్తకు, ఈ క్షణంలో చూపిన సమయస్ఫూర్తికి మధ్య ఉన్న తేడా ఆశ్చర్యం కలిగిస్తుంది. అదే నెలలో రాబర్ట్స్ సహాయంతో విలియమ్స్ పడవకు కొత్త హంగులు కూర్చాడు. ముందు వెనుకల కొనలను పొడిగించారు. ఉన్న కొయ్యలపై మరికొన్ని నిలిపి అదనపు తెరచాపలు కట్టారు. బైరన్ నౌక పక్కన తమది చిన్నబోకూడదనే పట్టుదల ఇందులో కొంత ఉండి ఉంటుంది. పడవ మరింత వేగంగా, మరింత అందంగా తయారైంది. గాలికి చిక్కే గుడ్డ కూడా పెరిగింది.

ఇంతలో ఇంగ్లండు నుండి లీ హంట్ అనే రచయిత భార్యాపిల్లలతో ఇటలీ చేరుకొన్నాడు. బైరన్, షెల్లీ, హంట్ కలిసి ఒక పత్రిక నడపాలన్నది సంకల్పం. పాతమిత్రుణ్ణి కలుసుకోవడానికి షెల్లీ, విలియమ్స్ జూలై 1న లెరిచి నుండి బయలుదేరి దక్షిణంగా అరవైకి పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న లివోర్నో రేవుకు పడవ మీదనే వెళ్ళారు. ఇంకా కోలుకోని మేరీ వెళ్ళవద్దని బతిమాలింది. పగలు బయలుదేరినవారు రాత్రికి క్షేమంగా చేరారు. ఆ ప్రయాణం సుఖంగా సాగడమే వారిలో నమ్మకాన్ని పెంచి ఉంటుంది. షెల్లీ హంట్ కుటుంబాన్ని పీసాలో బైరన్ భవనంలో దింపి, పత్రిక విషయం మాట్లాడి తిరిగి లివోర్నో వచ్చాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చాలా రోజులుగా చినుకు లేదు. వానకోసం మతగురువులు ఊరేగింపులు జరుపుతున్నారని విలియమ్స్ జూలై 4న తన దినచర్యలో రాసుకొన్నాడు. అదే అతని చివరి నమోదు. వరుణజపాలు, కప్పతల్లి పాటలు ఎరిగిన మనకు ఆ దృశ్యం కొత్తదేమీ కాదు. ఇంతటి ఉక్క తరువాత వచ్చే తొలి వాన మెల్లగా రాదని కూడా మన రైతుకు తెలుసు.

జూలై 8, సోమవారం. ఉదయం ఉరుములతో వాన పడి తెరిపి ఇచ్చింది. వాతావరణం కుదుటపడిందో లేదో చూసుకొని మరునాడు వెళ్ళమని రాబర్ట్స్ సలహా ఇచ్చాడు. షెల్లీ ఆగేవాడే గాని, ఇల్లు చేరాలన్న ఆత్రం విలియమ్స్‌ను నిలువనీయలేదని మేరీ తరువాత ఒక లేఖలో రాసింది. ఈ గాలికి ఏడు గంటలలో చేరిపోతామన్నది అతని లెక్క. ట్రెలానీ ‘బొలివార్’ను తోడుగా నడపాలని సిద్ధపడ్డాడు. కాని రేవు అధికారుల అనుమతిపత్రం లేకుండా కదిలితే క్వారంటైన్ శిక్ష తప్పదని కావలివారు హెచ్చరించడంతో లంగరు వేసి ఆగిపోయాడు. చిన్న పడవ ఒంటరిగా బయలుదేరింది. మేరీ లేఖ ప్రకారం అప్పుడు ఒంటిగంట. ట్రెలానీ ప్రకారం రెండు దాటింది. వేకువన మూడు నాలుగు గంటలకు బయలుదేరవలసిందని, ఇప్పుడు ఆలస్యమైందని ‘బొలివార్’ మీది జెనోవా నావికుడు గొణిగాడట. ఏ తీరంలోనైనా పడవలవారి అనుభవం అదే చెబుతుంది. వేసవి ఎండకు నేల వేడెక్కి మబ్బు పైకి ఎగిసే వేళ మధ్యాహ్నం. గాలివాన ఆ వేళకే వస్తుంది.

షెల్లీ ఆ రోజు ఎంతో ఉల్లాసంగా ఉన్నాడు. చేతిలో ఇంటికి కావలసిన డబ్బు, పడవలో సరుకులు, జేబులో హంట్ చదువుకొమ్మని ఇచ్చిన కీట్స్ కవితల పుస్తకం. రాబర్ట్స్ రేవు గోడ చివర నిలబడి పడవను చూస్తూనే ఉన్నాడు. మూడు గంటల ప్రాంతంలో అఖాతం దిక్కు నుండి గాలి ముంచుకు రావడం గమనించాడు. ఇటలీవారు దీనిని ‘తెంపొరాలె’ అంటారు. హఠాత్తుగా విరుచుకుపడే ఉరుముల గాలివాన అది. రాబర్ట్స్ అనుమతి తీసుకొని బురుజు ఎక్కి దుర్భిణితో చూశాడు. వియారెజ్జోకు ఎదురుగా, పది మైళ్ళ దూరాన, ముగ్గురూ పై తెరచాపలను దించుతూ కనిపించారు. తరువాత మసక కమ్మింది. అది విడిపోయేసరికి సముద్రం మీద ఆ పడవ లేదు.

కాసా మాన్యిలో ఇద్దరు స్త్రీలు రోజుల తరబడి తెరచాపలను లెక్కపెడుతూ కూర్చున్నారు. గాలి బాగా లేనందున లివోర్నోలోనే ఆగి ఉంటారని సమాధానపడ్డారు. శుక్రవారం హంట్ నుండి షెల్లీ పేర ఉత్తరం వచ్చింది. సోమవారం మీరు బయలుదేరిన తరువాత వాతావరణం చెడిందని విన్నాము, ఎలా చేరారో రాయండి అన్నది అందులోని విషయం. చదువుతున్న మేరీ చేతిలో నుండి ఆ కాగితం జారిపోయింది. క్షేమంగా చేరారా అని అడుగుతూ వచ్చిన ఆ పలకరింపే వారు చేరలేదన్న వార్త అయింది. ఆ రాత్రే మేరీ, జేన్ పీసాకు ప్రయాణమయ్యారు. మేరీ అప్పటికి సరిగా నడవలేని స్థితిలో ఉన్నది. కొద్ది రోజులకు పడవకు చెందిన చిన్న తెప్ప, నీళ్ళ పీపా వియారెజ్జో తీరంలో దొరికాయి. పది రోజులకు దేహాలు ఒడ్డుకు వచ్చాయి. ఒక జేబులో గ్రీకు నాటకకర్త సొఫొక్లీస్ గ్రంథం, మరొక జేబులో విప్పి వెనుకకు మడిచిన కీట్స్ పుస్తకం ఉండడం చూసి షెల్లీని గుర్తించారు. వివియన్ దేహం మరికొన్ని వారాలకు గాని దొరకలేదు.

సెప్టెంబరులో జాలరులు మునిగిన పడవను కనుగొన్నారు. రాబర్ట్స్ దానిని పైకి తీయించి పరీక్షించాడు. మన వ్యాసానికి ఇదే కీలకమైన సాక్ష్యం. పడవ తలకిందులు కాలేదు. సామాను లోపలే ఉన్నది. కొయ్యలు రెండూ విరిగాయి. ఒక పక్క చెక్కలు దెబ్బతిన్నాయి. నీరు నిండి నేరుగా అడుగుకు దిగిందని రాబర్ట్స్ మొదట భావించాడు. తరువాత ఏదో పెద్ద పడవ ఢీకొని ఉంటుందని అభిప్రాయం మార్చుకొన్నాడు. డబ్బుకోసం దొంగలు కావాలనే గుద్దారనే వదంతి కూడా పుట్టింది. ఒక ఇటలీ నౌకవారు తెరచాప దించమని కేకవేస్తే పడవలోని ఒకరు వద్దని వారించారనే కథ మరొకటి. ఇవి విన్నవారు చెప్పిన మాటలే గాని చూసినవారి సాక్ష్యాలు కావు. మూతలేని పడవ, అవసరానికి మించిన తెరచాప, రెండు టన్నుల ఇనుము, పనికి ముగ్గురే మనుషులు, అందులో ఒకరికి నావికవిద్య అంతంతమాత్రం, మధ్యాహ్నపు గాలివాన. ఈ కారణాలు చాలినప్పుడు దొంగల అవసరం ఏముంది? విధి అవసరం మాత్రం ఏముంది?

అంత్యక్రియల విషయంలోనూ ఇదే జరిగింది. అంటువ్యాధుల భయంతో, సముద్రం నుండి కొట్టుకొచ్చిన దేనినైనా సున్నం చల్లి ఇసుకలోనే పూడ్చాలని ఆనాటి ఆరోగ్య నిబంధన. దేహాన్ని రోముకు తరలించడానికి వీలులేదు. బూడిదనైతే తీసుకొనిపోవచ్చు. అందుకే ట్రెలానీ అధికారుల అనుమతితో ఇనుప కొలిమి చేయించి, ఆగస్టు 15న విలియమ్స్‌ను, 16న షెల్లీని సముద్రతీరంలోనే దహనం చేయించాడు. ధూపం, ద్రాక్షసారాయి, నూనె, ఉప్పు వేసి ప్రాచీన గ్రీకుల పద్ధతిని అనుసరించాడు. దహనసంస్కారం మనకు నిత్యం చూసే విషయం. ఆనాటి ఐరోపావారికి మాత్రం అది పురాణకథ వంటిది. 1889లో లూయీ ఎడువార్ ఫూర్నియే అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆ దృశ్యాన్ని చిత్రించాడు. లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రంలో ఆకాశం బూడిదరంగు, మనుషులు చలికోట్లు ధరించి ఉన్నారు, వెనుక మేరీ మోకరిల్లి ఉన్నది. నిజానికి అది నిప్పులు చెరిగే ఆగస్టు ఎండ. మేరీ అక్కడ లేదు. హంట్ బండి దిగలేదు. బైరన్ చూడలేక సముద్రంలో ఈదుకొంటూ తన నౌకకు వెళ్ళిపోయాడు. చిత్రం గొప్పదే, కాని దానిని చూసి చరిత్ర చెప్పకూడదు.

షెల్లీ చితాభస్మాన్ని రోములోని ప్రొటెస్టెంట్ శ్మశానవాటికలో ఉంచారు. 1819లో మరణించిన ఆయన చిన్నారి కుమారుడు విలియమ్‌ను పూడ్చినదీ, కీట్స్ సమాధి ఉన్నదీ అక్కడే. 1881లో మరణించిన ట్రెలానీ చితాభస్మం కూడా, అతడు ముందే కోరుకొన్నట్లు, షెల్లీ పక్కనే చేరింది. షెల్లీ సమాధిఫలకం మీద చెక్కడానికి అతడే ‘టెంపెస్ట్’ నుండి మూడు పంక్తులు ఎంపిక చేశాడు. అవి ఏరియల్ పాడే పాటలోనివి.

ప్రశ్నలు

1. షెల్లీ పడవ నిర్మాణంలోని లోపాలను, జూన్ నెలలో చేసిన మార్పులను వివరించండి.

2. జూలై 8న ప్రయాణం మానుకోవడానికి ఏయే అవకాశాలు వచ్చాయి? అవి ఎందుకు జారిపోయాయి?

3. ట్రెలానీ రచనలను వ్యాసకర్త ఏ విధంగా ఉపయోగించుకొన్నాడు? ఎక్కడ సందేహించాడు?

4. హంట్ ఉత్తరం కాసా మాన్యి చేరిన సందర్భాన్ని సొంతమాటలలో రాయండి.